రాలిన కొమ్ము

సంక్రాంతి సెలవుల్లో ఊరికి పోయినప్పుడు తలకోన అడవిలో నాకు దుప్పి కొమ్ము ఒకటి కనిపించింది. ఆ సంగతి హాస్టల్లో చెప్పగానే "ఎవరు చంపినారు? మీ వాళ్ళేనా?" అన్నారు మిత్రులు. ఆ మాట నాకు బాధేసింది. అందుకే ఇది రాస్తున్నాను.

చుక్కల దుప్పిలో మగదానికే కొమ్ములుంటాయి. అవి గట్టి ఎముక. దాదాపు ఏడాదికోసారి రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. లేత కొమ్ము మీద ముఖమల్ గుడ్డ లాంటి తోలు, అందులో నెత్తురు పారుతుంటుంది. ఎదిగినాక ఆ తోలు ఎండితే దుప్పి చెట్లకేసి రుద్ది వదిలించుకుంటుంది. కృష్ణజింక కొమ్ములు మాత్రం రాలవు.

మా తాత ఒకప్పుడు వేటగాడు. కొమ్ము మొదలు చూడమన్నాడు. తానుగా రాలినదైతే అక్కడ గరుకుగా, కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. పుర్రె ముక్క అంటుకొని ఉంటే చచ్చినదాని కొమ్ము. అప్పుడు చంపింది మనిషా, రేచుకుక్కలా అని అడగాలి. నేను చూసింది గరుకుదే. పైగా ఏదుపంది కొరికిన గాట్లున్నాయి. ఎముకలోని సున్నం కోసం కొరుకుతుందట!

ఎన్ని కొనలుంటే అన్నేళ్ళు అనేది వట్టిమాట. ఎదిగిన దుప్పి కొమ్ముకు మామూలుగా మూడే కొనలు. వయసు పళ్ళ అరుగుదలను బట్టి తెలుస్తుంది.

కొమ్మును అక్కడే వదిలేసినాను. ఆ అడవి 1989లో ప్రకటించిన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులోది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం రాలిన కొమ్మైనా ఇంటికి తెచ్చుకోకూడదు. ఈపాటికి ఏదులు సగం కొరికేసుంటాయి.