ఎండతో నీటిని విడగొట్టే పొడి: ముందు కంప్యూటర్‌లో, తర్వాతే ల్యాబ్‌లో

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఎండకు కొదవ లేదు, కరువంతా నీళ్లకే. ఈ రెండింటితో ఇంధనం తయారుచేసే ప్రయత్నం 50 ఏళ్లకు పైగా సాగుతోంది.

1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్‌పై వెలుతురు పడేలా చేసి నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టారు. తెల్ల పెయింట్‌లో ఉండేదీ ఇదే పదార్థం. చిక్కేమిటంటే, ఇది అతినీలలోహిత కిరణాలనే పీల్చుకుంటుంది. ఎండలో వాటి వాటా దాదాపు 5 శాతమే.

అందుకే డోపింగ్. అంటే పిండిలో ఉప్పులా, ఆక్సైడ్‌లో వేరే మూలకాన్ని కొద్దిగా కలపడం. ఏది కలపాలి? ఒక్కొక్కటీ తయారుచేసి చూస్తూ పోతే ఏళ్లు పడుతుంది. కంప్యూటర్‌లో ఎలక్ట్రాన్ల లెక్క వేస్తే పనికొచ్చేవేవో ముందే కొంత తెలుస్తుంది. ఈ లెక్కకు పునాది వేసిన వాల్టర్ కోన్‌కు 1998లో నోబెల్ దక్కింది. 2001లో టయోటా పరిశోధకులు కార్బన్, నైట్రోజన్, ఫ్లోరిన్, ఫాస్ఫరస్, సల్ఫర్‌లను ఇలాగే పోల్చి నైట్రోజన్‌ను ఎంచుకున్నారు. ఆ పదార్థం కంటికి కనిపించే వెలుతురులోనూ రంగునీటిని శుభ్రం చేసింది.

అయితే లెక్క కుదిరితే పని అయిపోయినట్టు కాదు. కలిపిన మూలకం దగ్గరే ఎలక్ట్రాన్లు చిక్కుకుపోవచ్చు. 2021లో ఫలితాలు వెలువడిన ఒక ప్రయోగంలో, జపాన్‌లో అల్యూమినియం కలిపిన స్ట్రాన్షియం టైటనేట్‌తో 100 చదరపు మీటర్ల ప్యానెళ్లు పెట్టారు. అదీ అతినీలలోహితంతోనే పనిచేసే పదార్థం కావడంతో, ఎండ శక్తిలో గరిష్ఠంగా 0.76 శాతమే హైడ్రోజన్‌గా మారింది.

మరి నీళ్లు? కిలో హైడ్రోజన్‌కు లెక్క ప్రకారం 9 లీటర్లు విడగొడితే చాలు. ఖరీదైన ల్యాబ్ లేని కాలేజీలకూ ఇక్కడ దారి ఉంది: క్వాంటం ఎస్ప్రెసో లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది.