క్రిస్మస్ సెలవుల్లో తెరచాప ప్రయాణం: సిడ్నీ కన్నా ముందు హుస్సేన్‌సాగర్

2017 క్రిస్మస్ పండుగ వేళకు భారత నౌకాదళం వారి ‘తారిణి’ దక్షిణ పసిఫిక్‌లో, దరిదాపుల్లో ఏ ఒడ్డూ లేని చోట ఉంది. సుమారు 17 మీటర్ల పొడవున్న ఆ తెరచాప పడవను నడిపింది ఆరుగురు మహిళా అధికారులు. వారిలో పి.స్వాతి విశాఖపట్నం అమ్మాయి, బొడ్డపాటి ఐశ్వర్య మన హైదరాబాద్ అమ్మాయి. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరిన తారిణి, డిసెంబరు 12న న్యూజిలాండ్‌లోని లిటిల్‌టన్ రేవు విడిచి, జనవరిలో దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ చుట్టి, 254 రోజుల యాత్ర ముగించుకుని 2018 మే 21న మళ్లీ గోవా చేరింది. మనకు చలికాలమైన డిసెంబరు, జనవరి నెలలు భూమధ్యరేఖకు దక్షిణాన నడివేసవి. ఆ వేసవిలోనే కేప్ హార్న్ చేరేలా ప్రయాణం లెక్క కట్టుకోవడం నావికుల పాత పద్ధతి. అప్పుడు పగటి వెలుగు ఎక్కువసేపు ఉంటుంది, తుపానుల జోరు కాస్త తగ్గుతుంది. అంత లెక్క కట్టుకుని వెళ్లినా వారికి ఎదురైనవి ఎముకలు కొరికే చలి, ఎత్తైన అలలు. సముద్రం మీద ఏ ప్రయాణమైనా క్యాలెండర్‌ని బట్టి కాక గాలిని బట్టి నడుస్తుందనడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

ఈ సంగతి ఇప్పుడు మన ఇళ్లకు బాగా దగ్గరగా వచ్చింది. ఆస్ట్రేలియాలో 2021 జనగణన నాటికే ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 59 వేలు దాటారు. హైదరాబాద్‌లోని గాంధీనగర్, చిక్కడపల్లి, అశోక్‌నగర్ వీధుల్లో పిల్లలు సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో స్థిరపడిన ఇళ్లు అరుదేమీ కాదు. అక్కడ బడుల వేసవి సెలవులూ ఆఫీసుల క్రిస్మస్ సెలవులూ కలిసివచ్చేది డిసెంబరు చివర్లోనే గనుక, అమ్మానాన్నలు చూడబోవడానికీ అదే అనువైన సమయం. వెళ్లినవాళ్లకు సిడ్నీ హార్బర్‌లోనో ఆక్లండ్ తీరంలోనో తెరచాప పడవ ఎక్కే అవకాశం దొరుకుతుంది. దొరికితే వదులుకోవద్దనే నేనూ అంటాను. అయితే అది టికెట్ కొని కూర్చునే సరదా కాదు, నేర్చుకుని చేయాల్సిన పని. ఆ నేర్చుకోవడం గాంధీనగర్ నుంచి నడిచి వెళ్లగల దూరంలో ఉన్న హుస్సేన్‌సాగర్‌లో మొదలుపెడితేనే పెట్టిన డబ్బుకూ పడ్డ శ్రమకూ అర్థం ఉంటుంది.

వేసవి క్రిస్మస్‌కూ తెరచాపకూ ఉన్న అనుబంధంలో అందరికీ తెలిసిన ఉదాహరణ సిడ్నీ-హోబర్ట్ పందెం. 1945లో కొందరు మిత్రులు క్రిస్మస్ సెలవుల్లో దక్షిణాన ఉన్న హోబర్ట్ రేవు దాకా సరదాగా వెళ్లి వద్దామనుకున్నారు. బ్రిటిష్ నౌకాదళ అధికారి జాన్ ఇల్లింగ్‌వర్త్ దాన్నే పందెంగా మారుద్దామన్నారు. తొమ్మిది పడవలు బయలుదేరితే ఆయన పడవే గెలిచింది. ఆ పడవ పేరు ‘రాణి’. అప్పటి నుంచి దాదాపు ఏటా డిసెంబరు 26న పడవలు సిడ్నీ నుంచి 628 నాటికల్ మైళ్ల దూరానికి సాగిపోతాయి. 1998లో 115 పడవలు బయలుదేరితే గమ్యం చేరినవి 44. అయిదు పడవలు మునిగాయి, ఆరుగురు చనిపోయారు, 55 మందిని కాపాడి ఒడ్డుకు చేర్చారు. అది కూడా నడివేసవే. ఆ తీరం వెంట వెచ్చని నీటి ప్రవాహం దక్షిణానికి పోతుంటుంది. దానికి ఎదురుగా దక్షిణం నుంచి బలమైన గాలి వీస్తే అలలు నిటారుగా లేస్తాయి. పందెం దారిలో ఉన్న బాస్ జలసంధి లోతు తక్కువది కావడంతో అక్కడ అల ఇంకా పెచ్చరిల్లుతుంది. సిడ్నీవాసులు ‘సదర్లీ బస్టర్’ అని పిలిచే గాలి ఉక్కగా ఉన్న రోజున ఒక్కసారిగా దిశ మార్చి వచ్చి, కొద్దిసేపట్లోనే పది డిగ్రీలకు పైగా వేడిని దించేయగలదు. ఇక ఉత్తరాన విట్‌సండే దీవుల సంగతి. అక్కడ లైసెన్సు లేకుండానే పడవ అద్దెకిస్తారు. కానీ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆ వైపు తుపానుల కాలం, విషపు జెల్లీచేపల కాలం కూడా. డిసెంబరు టికెట్ కొనేముందు ఈ రెండూ తెలిసి ఉండాలి.

పడవ నడపడానికి అనుభవమున్న కెప్టెన్ ఉంటాడు కదా, డబ్బు కట్టినవాళ్లకు ఇవన్నీ ఎందుకు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పిల్లలతో, వయసు మళ్లినవాళ్లతో వెళ్లేవారు కెప్టెన్ ఉన్న పడవనే ఎంచుకోవాలి, అందులో రెండో మాట లేదు. కానీ తెరచాప పడవలో ప్రయాణికుడు బస్సులో మాదిరి కూర్చుంటే సరిపోదు. గాలికి నేరుగా ఎదురు వెళ్లడం ఏ తెరచాపకూ సాధ్యం కాదు. దాదాపు 45 డిగ్రీల వాలులో కాసేపు కుడికి, కాసేపు ఎడమకు మళ్లుతూ పోవాలి. మళ్లిన ప్రతిసారీ తెరచాప అడుగున ఉన్న అడ్డకొయ్య ఒక పక్క నుంచి రెండో పక్కకు తిరుగుతుంది. వెనుకగాలిలో మళ్లితే అది కన్ను మూసి తెరిచేలోగా విసురుగా వచ్చి తల పగలగొట్టగలదు. ఎప్పుడు తల వంచాలో, పడవ ఒరిగితే ఏ వైపుకు జరగాలో, ఏ తాడు ముట్టుకోకూడదో తెలిసినవాడు కెప్టెన్‌కు తోడవుతాడు, తెలియనివాడు భారమవుతాడు. పైగా పడవ ఒరిగినంత మాత్రాన మునిగిపోదని ఒంటికి అలవాటైతే తప్ప భయం పోదు. భయంతో గట్టు వైపే చూస్తూ గడిపే మూడు గంటలకు అంత డబ్బు పోయడం నాకు సమ్మతం కాదు.

ఆ అలవాటు ఒంటికి పట్టించే నీళ్లు మనకు ఉన్నాయి. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1560వ దశకంలో తవ్వించిన హుస్సేన్‌సాగర్‌లో ఏటా జులైలో హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జరుగుతుంది. జులైలోనే ఎందుకంటే, నైరుతి రుతుపవనాల గాలి చెరువు మీద బలంగా ఉండేది అప్పుడే. డిసెంబరులో అక్కడ తెరచాప చాలాసార్లు గాలి లేక వేలాడుతూ ఉంటుంది. కాబట్టి క్రిస్మస్‌కు సిడ్నీ వెళ్లదలిచినవారు వానాకాలంలోనే ఇక్కడ చేరాలి. చిన్నపిల్లలు ఎక్కే ‘ఆప్టిమిస్ట్’ పడవను దగ్గర నుంచి గమనిస్తే ఈ విద్య అంతా అందులోనే కనిపిస్తుంది. రెండున్నర మీటర్లు కూడా లేని పడవ, ఒకే తెరచాప, ఒక చేతిలో చుక్కాని కర్ర, ఇంకో చేతిలో తాడు. గాలి జోరెక్కితే తాడు వదలాలి, తగ్గితే లాగాలి, ఒరిగితే అంచు మీద కూర్చుని వెనక్కి వాలాలి. పదేళ్ల పిల్ల ఈ మూడూ ఒకేసారి చేస్తుంది.

చెరువు నీళ్లు మురికివి కదా అంటే, అవును, మురికివే. ఆ చెరువు మిగులు నీరు మోసుకొచ్చే నాలా పక్కనే బతుకుతున్న అశోక్‌నగర్, గాంధీనగర్ వాసులకు ఆ మాట ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ నీళ్లలోకి దిగి ఆడేవాళ్లు పెరిగితేనే వాటిని శుభ్రం చేయమని గట్టిగా అడిగేవాళ్లూ పెరుగుతారు. ఇది డబ్బున్నవాళ్ల ఆటే కదా అన్నది ఇంకో మాట. హైదరాబాద్ యాట్ క్లబ్ కొన్నేళ్లుగా పేద కుటుంబాల పిల్లలకు ఈ విద్య నేర్పుతోంది. అలా ఎదిగిన ప్రీతి కొంగర 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో దేశం తరఫున పోటీపడింది. తెలుగువాళ్లకు సముద్రం అచ్చిరాదనే మాటకైతే చరిత్రే జవాబు. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించి, గాలివానకు ఒడ్డున పడ్డ ఓడల సరుకును రాజు లాక్కోడని సముద్ర వ్యాపారులకు మాట ఇచ్చాడు. కోరంగిలో కట్టిన తెరచాప ఓడలు బంగాళాఖాతం దాటి బర్మా దాకా వెళ్లాయి.

ఒక్కటి మాత్రం నిజం, చెరువు సముద్రం కాదు. ఆటుపోట్లు, పెద్ద అలలు, కడుపులో తిప్పడం ఇక్కడ నేర్చుకోలేం. అందుకే ఇక్కడ నేర్చుకున్నవారు కూడా అక్కడ మొదటి రోజు ఒడ్డు కనిపించే మేరలోనే తిరగాలి, ఆస్ట్రేలియా వాతావరణ శాఖ ఇచ్చే సముద్ర హెచ్చరికలు ప్రతి ఉదయం చూసుకోవాలి, లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కకూడదు. వచ్చే డిసెంబరుకు వెళ్లాలనుకుంటున్న కుటుంబాలు వేసవిలో ఈత నేర్చుకోండి, జులైలో హుస్సేన్‌సాగర్‌లో పడవ ఎక్కండి, ఆ తర్వాత సిడ్నీలో పడవ మాట్లాడుకోండి.