ఇంటికొచ్చిన బిళ్ల కడుపులోకి వెళ్లేదాకా

కృష్ణా డెల్టాకు బోదకాలు కొత్త జబ్బు కాదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరే కాలువలు ఈ నేలకు అన్నం పెట్టాయి. పారే దారిలేక ఊళ్ల చివర, విజయవాడ లోతట్టు పేటల్లో నిలిచిపోయిన మురుగు మాత్రం క్యూలెక్స్ దోమను పెంచింది. ఆ దోమ ఒకరి నుంచి ఒకరికి మోసుకెళ్లే పురుగు నూలుపోగంత సన్నగా ఉంటుంది. శోషరస నాళాల్లో కాపురం పెట్టి ఏళ్ల తరబడి బతుకుతుంది, లక్షల్లో పిల్లల్ని కంటుంది. ఆ పిల్లపురుగులు రాత్రివేళ రక్తంలోకి వస్తాయి. అందుకే బోదకాలు సిబ్బంది ఇన్నేళ్లూ రాత్రిపూట ఇళ్లకు వెళ్లి రక్తపు చుక్క తీసుకున్నారు. కాలు ఉబ్బి గట్టిపడ్డాక ఏ మందూ దాన్ని మునుపటిలా చేయలేదు. కాబట్టి ఈ జబ్బులో మందు పడాల్సింది నొప్పీ వాపూ ఏమీ లేని మనిషి కడుపులో. నాకేం జబ్బుందని మింగాలి అని అడిగే మనిషికి సరిపడేలా మందును తయారుచేయడం రసాయనాన్ని కనిపెట్టడంతో సమానమైన శాస్త్రమని నా నమ్మకం. డీఈసీ అనే ఒక్క మందు చరిత్రే అందుకు సాక్ష్యం.

ఆ మందుకు తెలుగువాడితో చుట్టరికం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలో, 1947లో, డైఇథైల్ కార్బమజీన్, అంటే డీఈసీ, వెలుగు చూసింది. మరుసటి ఏడాదే ఆయన పోయారు. పుట్టిన ఊరి చుట్టుపక్కలే వేలమందిని కుంటివాళ్లను చేస్తున్న జబ్బుకు ఆయన బృందం మందు కనిపెట్టినా, అది ఆ ఊళ్లకు పనికొచ్చే రూపంలో చేరడానికి దశాబ్దాలు పట్టింది. మొదట దాన్ని ఒంటి బరువును బట్టి రోజూ, 12 రోజులపాటు ఇచ్చేవారు. ఆసుపత్రికి వచ్చిన రోగికి అది సరిపోయింది. నాట్లకూ కోతలకూ పొద్దున్నే పొలం వెళ్లే ఊరు ఊరంతా 12 రోజులు వరసగా బిళ్లలు మింగడం మాత్రం జరిగే పని కాదు. అందులో ఒక్కరోజు మోతాదునే ఏడాదికి ఒక్కసారి ఇచ్చినా రక్తంలో పిల్లపురుగులు చాలాకాలం అణగి ఉంటాయని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. మందులో ఒక్క అణువూ మారలేదు, మారింది వేళాపాళా. 2004లో దేశంలో బోదకాలు ఉన్న ప్రాంతాలంతటా మొదలైన సామూహిక మందుల పంపిణీకి పునాది అదే. తర్వాత డీఈసీకి ఆల్బెండజోల్ అనే మరో మందు తోడైంది.

అయినా బిళ్ల ఇంటికి చేరడం వేరు, కడుపులోకి చేరడం వేరు. పెద్దవాళ్లు 100 మిల్లీగ్రాముల డీఈసీ బిళ్లలు మూడు, ఆల్బెండజోల్ ఒకటి కలిపి వేసుకోవాలి. పరగడుపున వేసుకోకూడదు. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, జబ్బు ముదిరి మంచం పట్టినవాళ్లకు ఇవ్వకూడదు. ఆశా కార్యకర్త వచ్చే వేళకు ఇంట్లో ముసలివాళ్లే ఉంటారు. అన్నం తిన్నాక వేసుకుంటాం, ఇచ్చి వెళ్లమ్మా అంటారు. ఆ బిళ్లలు గూట్లోనే ఉండిపోతాయి. ఎదుట నిలబడి మింగించాలన్న నియమం పుట్టింది ఇందుకే. వేసుకున్నవాళ్లలో కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. రక్తంలో పురుగులు చస్తున్నప్పుడు ఒళ్లు చూపే ప్రతిస్పందన అది. జ్వరం ఎక్కువగా వచ్చేది పురుగు ఉన్నవాళ్లకే, అంటే మందు అందరికన్నా అవసరమైనవాళ్లకే. ఈ సంగతి ముందురోజే చెప్పకపోతే, మరుసటి ఏడాది ఆ వీధి మొత్తం తలుపులు మూసుకుంటుంది. ఆ తప్పు జనానిది కాదు.

ఈ చిక్కుల్లో చాలావాటిని దాటవేసిన రూపం ఒకటి ఉంది: ఉప్పు. డీఈసీ వంట వేడికి చెడదు. ఉప్పులో కొద్దిగా కలిపి నెలల తరబడి వాడితే రోజూ ఒంట్లోకి చేరేది స్వల్పం, జ్వరాల బెడదా తక్కువ. చైనా దీన్ని విస్తారంగా వాడింది. 2007లో బోదకాలును జనారోగ్య సమస్యగా తొలగించిన దేశంగా గుర్తింపు పొందింది. పుదుచ్చేరికి చెందిన కారైకాల్‌లో 1980లలో ఇదే పద్ధతి పిల్లపురుగుల శాతాన్ని బాగా తగ్గించింది. మరి డెల్టాలో ఎందుకు వద్దు? కూరలో ఉప్పు వేసే గర్భిణిని ఎవరు మినహాయిస్తారు, వద్దనే హక్కు ఎక్కడుంటుంది అన్నది బలమైన అభ్యంతరమే. పైగా కారైకాల్ చిన్న ప్రాంతం. పచ్చళ్లకు కల్లుప్పు, కూరకు అయొడిన్ ఉప్పు, చేపలు ఎండబెట్టడానికి ఇంకోటి కొనే తీరప్రాంతంలో ఒకే ఉప్పును నిలబెట్టడం కష్టం. మనిషిని అడిగి, చెప్పి ఇచ్చే బిళ్లే నాకు సమ్మతం. అయితే ఉప్పు నేర్పిన పాఠాన్ని వదులుకోకూడదు. జనం రోజువారీ జీవితంలో ఇమిడిన మందు ఊరంతటికీ చేరుతుంది.

మూడు మందుల కలయిక ఆ దిశలో పెద్ద అడుగు. డీఈసీ, ఆల్బెండజోల్‌కు ఐవర్‌మెక్టిన్ కలిపి పాపువా న్యూగినీలో చేసిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. ఒక్క విడత వేసుకున్న ఏడాది తర్వాత, మూడు మందులు తీసుకున్నవాళ్లలో 96 శాతం మంది రక్తంలో పిల్లపురుగులు లేవు. రెండు మందులవాళ్లలో ఆ సంఖ్య 32 శాతమే. మూడూ పాతవే. ఏళ్ల తరబడి తిరగాల్సిన విడతలను రెండు మూడుకు కుదించే ఆశ వాటి కలయికతో పుట్టింది.

మురుగు కాలువలు బాగుచేయకుండా బిళ్లలు పంచడమేమిటని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే, కాలువలు బాగుపడాల్సిందే. అయితే ఇప్పటికే ఒంట్లో ఉన్న పురుగు ఏళ్ల తరబడి బతుకుతుంది, కాలువ పనులు పూర్తయ్యేదాకా అది ఆగదు. రెండో అభ్యంతరం ఇంకా పదునైనది: కొత్త రూపం పేరుతో కంపెనీలు పాత మందునే ఎక్కువ ధరకు అమ్ముతాయి. నిజమే. మన పేటెంట్ చట్టంలో సెక్షన్ 3(డి) ఉన్నది అలాంటి ఎత్తులను ఆపడానికే, 2013లో గ్లీవెక్ అనే క్యాన్సర్ మందు కేసులో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది. కాబట్టి ఒక కొత్త రూపాన్ని తూచేటప్పుడు నేను అడిగేది ఇది: నిన్నటిదాకా ఈ మందు అందని ఎవరికి ఇది అందుతోంది? ఏడాదికొక్క మోతాదు ఆ పరీక్షలో నెగ్గింది. డాక్టర్ రెడ్డీస్, హెటిరో తయారుచేయనున్న, హెచ్ఐవీ సోకకుండా ఆరు నెలలకోసారి వేసుకునే లెనకపవిర్ సూదిమందు కూడా, పేద దేశాలకు ప్రకటించిన ఏడాదికి 40 డాలర్ల ధరకే నిజంగా అందితే, నెగ్గుతుంది.

బోదకాలు విషయంలో మిగిలిన పని స్పష్టంగానే ఉంది. పెద్ద పురుగును మెల్లగా చంపగల డాక్సీసైక్లిన్ ఇప్పటికే ఉంది. పురుగు లోపల బతికే బ్యాక్టీరియాను అది తుడిచేస్తుంది. కానీ నాలుగు నుంచి ఆరు వారాలు రోజూ మింగాలి, గర్భిణులకూ చిన్నపిల్లలకూ పనికిరాదు. డీఈసీని 12 రోజుల నుంచి ఒక్క పూటకు దించినట్టు ఈ వారాల గడువునూ దించగలిగే పరిశోధనకు, విజయవాడ, గుంటూరు ఫార్మసీ కళాశాలల్లో చదివే పిల్లలకు, ఇంతకన్నా దగ్గరి సమస్య లేదు.