నడకకు ముందు ఏమి త్రాగవలెను?

తెల్లవారుజామున నడకకు బయలుదేరు ముందు పంచదార వేసిన టీ త్రాగుట మన ఇండ్లలో చాలామందికి అలవాటు. కొందరు గ్లూకోజు పొడి కలిపిన నీళ్ళు త్రాగి బలము వచ్చినదనుకొందురు. మరికొందరు షుగరు వ్యాధికి భయపడి, ఏమియు ముట్టక పరగడుపున బయలుదేరుదురు. వీరిలో ఎవరిది సరియైన పని? ఆ మనిషి ఏ మందు వాడుచున్నాడో తెలియనిదే మేము జవాబు చెప్పము.

శ్రమ చేయునప్పుడు కండరములు రక్తములోని చక్కెరను లాగుకొని వాడుకొనును. ఆ సమయములో వాటికి ఇన్సులిన్ సహాయము అంతగా అవసరముండదు. షుగరు ఉన్నవారికి నడక మేలు చేయుటకు ఇదియొక కారణము. వ్యాయామము పట్టణమువారి పనియని మన పల్లెలలో అనుకొందురు గాని, నాట్లు వేయుట, కలుపు తీయుట, బస్తాలు మోయుట, ఇవన్నియు వ్యాయామమే.

ఇన్సులిన్ సూది వేసికొనువారు, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వాడువారు ఇక్కడ మెలకువగా ఉండవలెను. మందు ఒక ప్రక్క, శ్రమ ఒక ప్రక్క చక్కెరను క్రిందికి లాగును. వణుకు, గుండెదడ, చెమటలు, కండ్లు బైర్లు క్రమ్ముట, మాట తడబడుట మొదలగును. ఎండలో పనిచేయువానికి చెమట పట్టుట వింత కాదు గనుక ప్రక్కవారు గమనింపరు. మాట తడబడుచుండగా విని, త్రాగియున్నాడని నవ్వి ఊరకుందురు. అంతలో ప్రాణము మీదికి వచ్చును.

అట్టివారు పనికి ముందు షుగరు చూచుకొనుట మంచిది. 100 మి.లీ. రక్తములో 90 మిల్లీగ్రాములకంటె తక్కువ ఉన్నయెడల 15 నుండి 30 గ్రాముల పిండిపదార్థము లోనికి పోవలెను. మూడు నాలుగు టీ చెంచాల పంచదార కలిపిన నీళ్ళలో సుమారు 15 గ్రాములుండును. ఇట్టివారికి తీపి నీళ్ళు మందుతో సమానము. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడువారికి సాధారణముగా ఈ అవసరము రాదు. వారు మంచినీళ్ళు త్రాగి బయలుదేరవచ్చును. తీపి త్రాగి నడచినయెడల నడకవలన కలుగు లాభము చాలవరకు ఆ గ్లాసులోనే పోవును. ఇక 250 దాటి, ఒంట్లో నలతగా ఉన్నవారు ఆ పూట శ్రమ మాని వైద్యుని చూడవలెను.

రాగిజావలో పంచదార వేయలేదు గదా అని కొందరు రెండు చెంబులు త్రాగుదురు. రాగిలోని పిండి కూడ కడుపులో చక్కెరగా మారునని మరువరాదు. పలుచని మజ్జిగతో ఆ బాధ తక్కువ. అయితే చక్కెర పడిపోయిన వేళ మజ్జిగగాని, పంచదార లేని టీగాని ఆదుకొనవు.

షుగరు లేని మన కబడ్డీ పిల్లల మాట వేరు. 1979లో అమెరికాలో ఫాస్టర్, కాస్టిల్, ఫింక్ అను పరిశోధకులు కొందరికి 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్ళు త్రాగించి, 30 నుండి 45 నిమిషముల తరువాత సైకిలు త్రొక్కించిరి. వట్టి నీళ్ళు త్రాగిన రోజుకంటె వారు సుమారు 19 శాతము ముందుగానే అలసిపోయిరి. తీపి లోనికి పోగానే ఇన్సులిన్ పెరుగును. అది పెరిగియున్న సమయములోనే కండరములు కూడ చక్కెరను లాగుటవలన ఆట మొదట్లో షుగరు దిగిపోవును. తరువాతి పరిశోధనలలో అనేకము ఆటకు నష్టము చూపలేదు. దిగిన చక్కెర చాలామందిలో కొద్దిసేపటికే సర్దుకొనును. అయినను తల తిరుగు పిల్లలు ఆ తీపి నీళ్ళను ముప్పావుగంట ముందుగాక, దిగబోవు అయిదు నిమిషముల ముందుగాని, ఆట మధ్యలోగాని త్రాగి చూడవచ్చును.

సూది, మాత్రలు వాడువారికి మరొకమాట. పగలంతా కష్టపడినవారికి చక్కెర సాయంకాలమే గాక రాత్రి నిద్రలో కూడ పడిపోవచ్చును. నాట్ల రోజులలో రాత్రి భోజనము మానరాదు. మందు మోతాదు తగ్గించవలెనా అని వైద్యుని ముందుగానే అడుగవలెను. పొలమునకు పోవునప్పుడు కండువా కొంగున కాస్త పంచదార ముడివేసికొనుడి. ఆ సంగతి తోటి కూలీలకు చెప్పియుంచుడి. మనిషి స్పృహ తప్పినయెడల నోట ఏమియు పోయవద్దు, ఊపిరితిత్తులలోనికి పోవును. ప్రక్కకు పరుండబెట్టి వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.