బెరడు కింది తెగులు: యాపిల్, బేరి చెట్ల కాంకర్

యాపిల్, బేరి చెట్ల బెరడును చంపి, కొమ్మలను, కొన్నిసార్లు చెట్టునే ఎండబెట్టే శిలీంధ్ర వ్యాధి యూరోపియన్ కాంకర్. దీనికి కారణం నియోనెక్ట్రియా డిటిస్సిమా అనే శిలీంధ్రం. పాత పుస్తకాల్లో ఇది నెక్ట్రియా గాలిజెనా పేరుతో కనిపిస్తుంది. బీచ్ చెట్టు మీద బతికేదీ యాపిల్ మీద బతికేదీ ఒకే జాతి అని 2006లో డీఎన్‌ఏ పోలికలతో తేలాక, రెండింటిలో ముందు పెట్టిన పేరు నిలిచింది. తెలుగునాట నిమ్మతోటల్లో కనిపించే గజ్జి తెగులును కూడా కాంకర్ అనే అంటారు. అయితే అది బ్యాక్టీరియా తెచ్చే జబ్బు, ఆకుల మీదా కాయల మీదా మచ్చలుగా తేలుతుంది. ఈ తెగులుతో దానికి చుట్టరికం లేదు.

ఈ శిలీంధ్రం యాపిల్, బేరితో సరిపెట్టుకోదు. బీచ్, యాష్, బిర్చ్, పాప్లర్, మేపుల్, విల్లో వంటి చల్లని దేశాల చెట్లెన్నిటి మీదో ఉంటుంది. తోట చుట్టూ కంచెకో గాలి అడ్డుకో పెంచిన చెట్లే దానికి ఆశ్రయం కావచ్చు.

తెగులు తొలి గుర్తు చాలా చిన్నది. ఏ మొగ్గ చుట్టూనో, ఆకు రాలిన చోటనో బెరడు ఎర్రటి గోధుమరంగుకు తిరిగి కొద్దిగా లోపలికి నొక్కుకుపోతుంది. అక్కడ కత్తిమొనతో పైపొర గీకి చూస్తే తేడా తెలిసిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న బెరడు లోపల పచ్చగా ఉంటుంది, తెగులు సోకినంత మేరా గోధుమరంగులో ఉంటుంది, రెండింటికీ మధ్య హద్దు గీత గీసినట్టు కనిపిస్తుంది. రోజులు గడిచేకొద్దీ ఆ మచ్చ కొమ్మ పొడవునా కోలగా పెరుగుతుంది. చచ్చిన బెరడు పగిలి, పెచ్చులుగా ఊడి, లోపలి చెక్క బయటపడుతుంది.

చెట్టు చూస్తూ ఊరుకోదు. వసంతంలో పెరుగుదల మొదలవగానే పుండు అంచుల చుట్టూ కొత్త కణజాలాన్ని పెంచి దాన్ని మూసేయాలని చూస్తుంది. అంచు గట్టుకట్టినట్టు ఉబ్బుతుంది. శరదృతువు వచ్చి చెట్టు నిద్రావస్థలోకి జారుకోగానే శిలీంధ్రానికి మళ్లీ అవకాశం దొరుకుతుంది, వేసవిలో లేచిన ఆ గట్టును కూడా చంపుతుంది. మరుసటి ఏడు చెట్టు ఇంకాస్త వెలుపల మరో గట్టు కడుతుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు తేలిన పుండు తయారవుతుంది. ఆ వలయాలను లెక్కబెడితే పోరు ఎన్నాళ్లుగా నడుస్తోందో సుమారుగా చెప్పవచ్చు.

సన్నని రెమ్మ అయితే ఒక్క ఏడాదిలోనే పుండు దాన్ని చుట్టేస్తుంది. ఆకులు తయారుచేసిన చక్కెరలు కిందికి దిగేది బెరడు గుండానే. బెరడుకూ చెక్కకూ మధ్యనున్న కేంబియం అనే పలుచని పొరే కొమ్మను లావెక్కిస్తుంది. ఈ రెండూ చుట్టూతా చస్తే ఆ పైభాగం బతకదు. మొదట ఆకులు వాడి పసుపు పచ్చబడతాయి, తర్వాత కొమ్మ ఎండుతుంది. మొదలు మీద పుండు లేస్తే చెట్టంతా పోవడానికి ఏళ్లు పట్టవచ్చు, కానీ దారి అదే.

వ్యాప్తికి ఈ శిలీంధ్రం రెండు రకాల సిద్ధబీజాలను వాడుకుంటుంది. పుండు కొత్తగా ఉన్నప్పుడు బెరడు పగుళ్లలో మీగడ రంగు బొడిపెలు లేస్తాయి. వాటి మీద పుట్టే కొనీడియా అనే సిద్ధబీజాలు వాన చినుకుల తాకిడికి చింది పక్క కొమ్మలకూ కింది కొమ్మలకూ చేరతాయి. చినుకు తుళ్లినంత దూరమే వాటి ప్రయాణం. పుండు ముదిరాక, ముఖ్యంగా చలికాలం నుంచి వసంతం దాకా, అదే పగుళ్లలో గుండుసూది తలకంటే చిన్నవైన ఎర్రని గోళాలు గుంపులుగా కనిపిస్తాయి. భూతద్దం పెడితే ఒక్కోటి నున్నగా గుండ్రంగా, శిఖరాన చిన్న రంధ్రంతో ఉంటుంది. ఇవి పెరిథీసియాలు. తడిసినప్పుడు వీటిలోంచి ఆస్కోస్పోర్లు అనే రెండో రకం సిద్ధబీజాలు గాలిలోకి చిమ్మబడతాయి, గాలివాటున పక్క తోటకు పోగలిగేవి ఇవే. చల్లని వాతావరణం, ఏడాది పొడవునా వాన ఉన్న చోట రెండు రకాలలో ఏదో ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

ఇన్ని సిద్ధబీజాలు కురిసినా, గాయంలేని బెరడును ఈ శిలీంధ్రం ఛేదించలేదు. దానికి దారి కావాలి. కత్తిరింపుల కోతలు, మంచుకు చిట్లిన బెరడు, కొమ్మ చీలే చోట పగుళ్లు, స్కాబ్ తెగులు చేసిన మచ్చలు, ఉన్ని పేనుబంక పట్టి ఉబ్బి పగిలిన కణుపులు, కాయ కోసినప్పుడు మిగిలే తొడిమ గాయాలు, అన్నీ దారులే. వీటిలో చాలావాటిని రైతు జాగ్రత్తతో తగ్గించవచ్చు. ఏ జాగ్రత్తకూ లొంగని దారి ఒకటుంది, అది ఆకు రాలడం. శరదృతువులో ఆకు రాలిన ప్రతి చోటా చెట్టుకు ఒక చిన్న పచ్చిగాయం మిగులుతుంది. దాని మీద బెండులాంటి రక్షణపొర ఏర్పడి పూర్తిగా మూసుకోవడానికి రోజుల నుంచి వారాల దాకా పడుతుంది. ఆకు రాలిన తొలి గంటల్లో మచ్చ అన్నిటికన్నా తేలిగ్గా లొంగుతుంది, ఆపైన రోజురోజుకూ గట్టిపడుతుంది. ఆ తొలి రోజుల్లోనే వాన కురిస్తే, చినుకులతో వచ్చిన సిద్ధబీజాలను తెగిన నాళాలు లోపలికి పీల్చుకుంటాయి. ఒక చెట్టుకు ఇలాంటి మచ్చలు వేలల్లో ఉంటాయి. ఆకురాలు కాలంలో వానలుపడే ప్రాంతాల్లో ఈ తెగులును అదుపు చేయడం ఎందుకంత కష్టమో ఇక్కడే అర్థమవుతుంది.

సోకిన వెంటనే పుండు కనబడదు. శరదృతువులో ప్రవేశించింది సాధారణంగా వసంతంలో బయటపడుతుంది. కానీ ఒక్కోసారి ఏళ్ల తరబడి జాడ లేకుండా లోపలే ఉండిపోతుంది. నర్సరీలో సోకిన అంటుమొక్క పైకి నిగనిగలాడుతూ తోటకు చేరుతుంది. నాటాక మూడేళ్ల వరకూ ఏ గుర్తూ చూపకుండా ఉండి, ఆ తర్వాత పుండు లేచిన మొక్కలున్నాయని బ్రిటన్ పరిశోధకులు శిలీంధ్రపు డీఎన్‌ఏ ఆనవాళ్లతో 2003లో చూపించారు. ఆ తోటల్లో ఎక్కువ పుండ్లు చుట్టుపక్కల చెట్ల నుంచి వచ్చినవే. అయినా తెగులు లేని కొత్త ప్రాంతానికి దాన్ని మోసుకుపోయేది మాత్రం ఇలాంటి మొక్కలే. మొక్క బాగానే ఉందనుకుని నాటిన రైతును తప్పుపట్టలేం, కంటితో చూసి తేల్చే మార్గం లేదు.

కాయకూ ఇది సోకుతుంది. పువ్వు రాలిన కొన దగ్గర, లేదా తొడిమ దగ్గర, గోధుమరంగు కుళ్లు మొదలవుతుంది. ఇక్కడ బ్రామ్లీస్ సీడ్లింగ్ అనే పుల్లని వంట యాపిల్ కథ చెప్పుకోదగ్గది. ఉత్తర ఐర్లండ్‌లో విస్తారంగా పండే ఈ రకంలో కాయ చెట్టు మీద ఉండగానే సోకిన కుళ్లు చిన్న చుక్కగా ఆగిపోయి, కాయ గోదాములో కొన్ని నెలలు నిలవున్నాక మళ్లీ పాకడం మొదలుపెడుతుంది. 1970ల తొలి ఏళ్లలో పరిశోధకులు కారణం కనిపెట్టారు. శిలీంధ్రం విడుదలచేసే, ప్రొటీన్లను విరగ్గొట్టే ఎంజైమును పసిగట్టి, కాయ ఆ చుట్టూ బెంజోయిక్ ఆమ్లాన్ని తయారుచేసుకుంటుంది. బజారు పచ్చళ్ల సీసాల మీద నిలవ ఉంచే పదార్థంగా కనిపించే సోడియం బెంజోయేట్ ఈ ఆమ్లపు లవణమే. పులుపు ఎక్కువగా ఉన్నంత కాలం బెంజోయిక్ ఆమ్లం శిలీంధ్రానికి విషం. గోదాములో కాయ మాగి పులుపు తగ్గేకొద్దీ ఆ ఆమ్లం పదును పోతుంది, శిలీంధ్రం దాన్ని విరగ్గొట్టుకుని ముందుకు సాగుతుంది. కాయ ఎన్నాళ్లు నిలవుంటుందన్నది అప్పుడు దాని పులుపును బట్టి ఉంటుంది.

ఇది శిలీంధ్రం పని అని తేలడానికి చాలా కాలం పట్టింది. ఇంగ్లండ్‌లో గోల్డెన్ పిప్పిన్ వంటి పేరున్న పాత రకాలు పుండ్లుపడి క్షీణించడం చూసి, ఉద్యానవేత్త థామస్ ఆండ్రూ నైట్ 1795లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. ఒక రకానికి చెందిన అంట్లన్నీ మూల వృక్షపు వయసునే పంచుకుంటాయి, అది ముసలిదైతే ఇవీ ముసలివవుతాయి, కాంకర్ ఆ ముసలితనపు లక్షణం అన్నది ఆయన వాదన. సిద్ధాంతం తప్పు. కానీ దాన్ని నమ్మినందువల్లే ఆయన రకాలను సంకరపరిచి కొత్త గింజమొక్కలు పెంచే పనికి పూనుకున్నాడు, పండ్లచెట్ల ప్రజననం ఒక పద్ధతి ప్రకారం సాగడానికి అది నాంది అయింది. తప్పుడు కారణంతో మొదలైన మంచి పని అది. 1880 ప్రాంతంలో జర్మనీలో రుడాల్ఫ్ గేతె యాపిల్ కాంకర్‌కు శిలీంధ్రమే కారణమని చూపాడు, అదే కాలంలో రాబర్ట్ హార్టిగ్ బీచ్ చెట్ల పుండ్లను పరిశీలించాడు.

యూరప్‌తో పాటు ఉత్తర, దక్షిణ అమెరికాల్లోనూ, న్యూజీలాండ్‌లోనూ ఈ తెగులు ఉంది. ఆస్ట్రేలియాలో 1954లో తాస్మేనియా ద్వీపంలోని స్ప్రేటన్ దగ్గర బయటపడింది. అక్కడ చెట్టుచెట్టునూ వెతికి, సోకినవాటిని తీసేస్తూ, 1990ల మొదటి ఏళ్లకు నిర్మూలించారు. దాదాపు నలభై ఏళ్ల పని అది. అంత శ్రమపడ్డ దేశం కనుక కాంకర్‌ను కూడా ఒక కారణంగా చూపి న్యూజీలాండ్ యాపిళ్ల దిగుమతికి కఠిన షరతులు పెట్టింది. ఫైర్ బ్లైట్ అనే బ్యాక్టీరియా తెగులు భయంతో 1921 నుంచే ఆ దిగుమతులకు అడ్డు ఉండేది. తగాదా ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కింది. ఆ షరతులకు తగినంత శాస్త్రీయ ఆధారం లేదని 2010లో విచారణ సంఘం తేల్చింది. కొమ్మ మీది పుండుకూ అమ్మకానికి వచ్చిన నిగనిగలాడే పండుకూ ప్రమాదంలో ఉన్న తేడా అక్కడ కీలకమైంది. మరుసటి ఏడు న్యూజీలాండ్ పండ్లు ఆస్ట్రేలియా చేరాయి.

తోటలో అదుపు చేసే పద్ధతుల్లో అన్నిటికన్నా పాతదీ నమ్మదగినదీ కత్తి. చిన్న కొమ్మయితే పుండుకు బాగా కిందికి కోసేయాలి. పెద్ద కొమ్మయితే చచ్చిన బెరడును, గోధుమరంగు చెక్కను చెక్కుతూ, అంచున పచ్చని బెరడు కనిపించేదాకా పోవాలి. గాయానికి మందు కలిపిన పూత పూస్తారు. ఈ పని పొడి వాతావరణంలోనే చేయాలి, వానలో కోసిన ప్రతి కోతా కొత్త దారి. కోసిన కొమ్మలను చెట్టు కిందే వదిలితే వాటి మీద సిద్ధబీజాలు పుడుతూనే ఉంటాయి, తగలబెట్టడమో తోట బయటికి తరలించడమో తప్పదు. నీరు నిలిచే నేలలోని చెట్లు, నత్రజని ఎక్కువై ఏపుగా పెరిగిన చెట్లు తెగులుకు తేలిగ్గా లొంగుతాయి కనుక మురుగు కాల్వలూ ఎరువుల మోతాదూ కూడా వైద్యంలో భాగమే.

బోర్డో మిశ్రమం వంటి రాగి మందులను ఆకు రాలడం మొదలైనప్పుడొకసారి, సగం రాలాక మరోసారి చల్లడం పాత పద్ధతి. పచ్చి మచ్చలను ఆ కొద్ది రోజులు కాపాడటమే దాని ఉద్దేశం, ముదిరిన పుండును రాగి నయం చేయదు. నేలలో పేరుకుపోతుందన్న కారణంతో యూరోపియన్ యూనియన్ రాగి వాడకాన్ని ఏడేళ్లకు హెక్టారుకు 28 కిలోలకు పరిమితం చేసింది. ఒకప్పుడు వాడిన కార్బెండజిమ్‌కు అక్కడ ఇప్పుడు అనుమతి లేదు. మందుల దారి ఇరుకవుతోంది.

ఇదే సమయంలో తోటల తీరూ మారింది. పూర్వం పెద్ద చెట్టుకు ఒక కొమ్మ పోతే కొన్ని బుట్టల కాయలు తగ్గేవి. ఇప్పుడు పొట్టి వేరుమూలాల మీద అంటుకట్టి, హెక్టారుకు వేలల్లో దగ్గరదగ్గరగా నాటే సన్నని చెట్లకు మొదలు మీద ఒక్క పుండు చాలు. పైగా అంగడిలో గిరాకీ ఉన్న గాలా, కాక్స్ ఆరెంజ్ పిప్పిన్ వంటి రకాలు కాంకర్‌కు తేలిగ్గా లొంగేవి. న్యూటన్ వండర్, లేన్స్ ప్రిన్స్ ఆల్బర్ట్ వంటి పాత వంట రకాలు మెరుగ్గా తట్టుకుంటాయి గానీ వాటిని కొనేవాళ్లు తక్కువ. పూర్తిగా తట్టుకునే రకం ఏదీ లేదు. నిరోధకత ఒక్క జన్యువులో కాక, కొద్దికొద్దిగా బలమిచ్చే చాలా జన్యువుల్లో చెదిరి ఉంది. వాటిని ఒక చెట్టులోకి తేవాలంటే ఒక్కో గింజమొక్క ఆకుమచ్చలకు లెక్కపెట్టిన సిద్ధబీజాలు అంటించి, పుండు ఎన్ని మిల్లీమీటర్లు పెరిగిందో నెలల తరబడి కొలవాలి. అందులో నెగ్గిన మొక్క కాపుకొచ్చి, దాని పండు జనం కొనేలా ఉందో లేదో తేలడానికి ఇంకొన్నేళ్లు పడుతుంది.