లూచియా పిచ్చిది కాదు, వినేవాళ్లు లేని అమ్మాయి: మరియా కల్లాస్ ఏం చేసింది?

ఇవాళ ఒపెరా గురించి. భయపడకండి, నేనూ బీటెక్ చదివి కోడ్ రాసినవాడినే, సంగీతం నేర్చుకోలేదు. ఒక్క సీన్ చూద్దాం, చాలు.

ఒపెరా పేరు 'లూచియా డి లామర్‌మూర్'. దొనిజెట్టి రాసింది, 1835లో నేపుల్స్‌లో మొదటి ప్రదర్శన. లూచియా తమ శత్రువు ఎడ్గార్డోని ప్రేమిస్తుంది. అన్న ఎన్రికో దొంగ ఉత్తరం చూపించి, 'వాడు నిన్ను మర్చిపోయాడు' అని నమ్మించి, వేరే పెళ్లి చేస్తాడు. పెళ్లి రాత్రే ఆమె పెళ్లికొడుకుని చంపేసి, మతి తప్పి అతిథుల మధ్యకి వస్తుంది. తన మనసులో మాత్రం ఎడ్గార్డోతోనే పెళ్లి జరుగుతోంది.

ఇక్కడే సమస్య. ఈ సీన్ బెల్ కాంటో శైలిలో, అంటే గొంతు విరుపులు, పరుగులు, పై స్వరాలతో ఉంటుంది. కాలక్రమంలో అది గొంతు సర్కస్‌లా మారింది. ఫ్లూట్‌తో పోటీపడే పొడవాటి కడెంజా తర్వాతి కాలంలో చేరింది. చివర్లో జనం ఎదురుచూసే ఆ పై స్వరం కూడా గాయనులు చేర్చుకున్నదే. అందరూ స్వరం కోసం చూస్తున్నారు, అమ్మాయిని చూసేవాళ్లు లేరు!

కల్లాస్ ఏం చేసిందంటే, ప్రతి పరుగుకీ ఒక కారణం వెతికింది. 1954లో మిలాన్‌లోని లా స్కాలాలో కారయాన్ ఆధ్వర్యంలో పాడినప్పుడు చేతిలో కత్తి కూడా పట్టుకోలేదు. భయం మొత్తం గొంతులోనే. ప్రియుడి గొంతు విన్నాననుకునే చోట స్వరం మెత్తబడుతుంది. ఆర్కెస్ట్రాలో పాత ప్రేమపాట వరస తిరిగి వస్తుంది. ఆ వెంటనే తమ మధ్యకి దెయ్యం వచ్చిందనుకునే చోట రంగు మారిపోతుంది. మన సంగతుల్లాగే అనుకోండి: ఒకే వరస, కానీ ప్రతిసారీ భావం వేరు.

అందంగా పాడటం తప్పా అంటే, కాదండీ. 1959లో లండన్‌లో జోన్ సదర్లండ్ ఇదే పాత్రతో పెద్ద పేరు తెచ్చుకుంది, ఆమె దారి వేరు. కానీ కల్లాస్ వేసిన ప్రశ్న నాకు ముఖ్యం. కథలో లూచియా మాట ఎవరూ వినలేదు. మనం కూడా ఆ పై స్వరం వరకే వింటే, ఎన్రికోకీ మనకీ తేడా ఏంటి?

1955 బెర్లిన్ ప్రదర్శన రికార్డింగ్ ఉంది. మాటల అర్థం ముందు చదువుకుని, తర్వాత కళ్లు మూసుకుని వినండి. ఏ చోట మీకు గుండె ఆగినట్టనిపించిందో కామెంట్లో చెప్పండి. ఉంటానండీ.