గాలిమర కన్నా ముందు గంగపుత్రుడి మాట

ఉద్దానం కుర్రాడు సముద్రంలో గాలిమరను మొదటిసారి చూస్తే, అది బహుశా బారువలో కాదు, గుజరాత్ నీళ్లలో. వేరావల్ రేవు నుంచి మరబోట్ల మీద వేటకు పోయేవాళ్లలో శ్రీకాకుళం తీరం మనుషులు చాలామంది. 2018 నవంబరులో పాకిస్థాన్‌కు చిక్కి, 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చిన ఇరవై మంది ఆంధ్ర మత్స్యకారుల్లో ఈ జిల్లావాళ్లూ ఉన్నారు. ఆ గుజరాత్ తీరంలోనే, పీపావావ్ రేవుకు ఎదురుగా, దేశంలో తొలి సముద్ర పవన విద్యుత్ కేంద్రానికి చోటు చూశారు.

చూశారు గానీ కట్టలేదు. కేంద్రం 2015లో విధానం ప్రకటించింది. 2017లో ఖంభాత్ సింధుశాఖలో గాలిని కొలిచే లైడార్ నిలబెట్టారు. 2024 జూన్‌లో గుజరాత్‌కు 500, తమిళనాడుకు 500 మెగావాట్ల కోసం రూ.7,453 కోట్ల సాయానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. పిలిచిన టెండర్లు 2025లో రద్దయ్యాయి. డెన్మార్క్ 1991లోనే విండెబీ దగ్గర 11 గాలిమరలు సముద్రంలో నిలిపి, పాతికేళ్లు నడిపి, 2017లో విప్పేసింది కూడా.

ఇలాంటి కేంద్రాలకు చూసిన తొలి చోట్లలో ఆంధ్ర తీరం లేదు. కారణం గాలే. గాలి వేగం సెకనుకు పది మీటర్ల నుంచి ఎనిమిదికి పడితే, అందులోని శక్తి దాదాపు సగమవుతుంది. అందుకే ముందుగా కన్యాకుమారి వైపూ గుజరాత్ వైపూ వెళ్లారు. ఇక మన తీరానికి తుపానుల గాలి కొదవ లేదు గానీ అది కరెంటుకు పనికిరాదు. గంటకు 90 కిలోమీటర్లు దాటితే మర రెక్కలు తిప్పుకుని ఆగిపోతుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకూలాయి, కరెంటు స్తంభాలు విరిగి ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. తైఫూన్లు తిరిగే తైవాన్ జలసంధిలోనే గాలిమరలు నిలబడుతున్నాయంటే, ఇక్కడా నిలిచేవి కట్టొచ్చు. ఒడ్డున కరెంటు తీగలకూ అంత గట్టితనం ఉండాలి.

రేపు సాంకేతికం మెరుగై, ధర దిగి, సర్వే ఓడ ఒకటి ఉద్దానం నీళ్లలోకి వస్తే? ఈ ప్రశ్న ఇప్పుడే వేసుకోవాలి. ఎందుకంటే ఇక్కడివాళ్లు ఇలాంటి ప్రశ్నకు జవాబు నెత్తుటితో చెప్పారు.

సోంపేట దగ్గరి చిత్తడి నేల బీలలో 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రం వస్తుందన్నారు. ప్రభుత్వ కాగితాల్లో బీల పనికిరాని భూమి. ఊళ్లకు అది నీళ్లు, చేపలు, పశువుల మేత, పొలాల తడి. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పీళ్ల సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని కొట్టేసింది. ఊళ్లవాళ్లు మొదటినుంచీ మొత్తుకుంటున్నదే ఢిల్లీలోనూ నిలిచిందన్నమాట. ముందే విని ఉంటే ఆ రెండు ఇళ్లలో దీపాలు ఆరేవి కావు. ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపర చిత్తడి దగ్గర, అలాంటి థర్మల్ కేంద్రం గొడవలోనే మళ్లీ కాల్పులు జరిగాయి, మళ్లీ ప్రాణాలు పోయాయి.

బీలకైనా గట్టు ఉంది, చుట్టూ ఊళ్లున్నాయి. సముద్రానికి పట్టా లేదు, పాసుపుస్తకం లేదు. పటంలో ఖాళీ నీలిరంగు. ఆ నీలంలో వల ఎక్కడ రాతికి చిక్కుతుందో, ఏ నెలలో ఏ చేప ఎటు కదులుతుందో నువ్వలరేవు, మంచినీళ్లపేట, భావనపాడు మనుషులకు తెలుసు. ఆ ఎరుకను ముందుగా పటం మీదికి ఎక్కించాలి. లీజు గీతలు గీసేది ఆ తర్వాతే. మరల మధ్య వల లాగొచ్చా అన్నదానికి యూరప్‌లోనే ఒక్కో దేశం ఒక్కో మాట చెబుతోంది. ఇక్కడ ఆ మాట ముందే కాగితం మీద ఉండాలి.

తాబేళ్లనూ పక్షులనూ మరవకూడదు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే నెలల్లో సముద్రగర్భంలో ఉక్కు స్తంభాలు దిగ్గొట్టే మోత ఉండకూడదు. టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి వచ్చే గూడబాతుల దారులు ముందే గుర్తించాలి.

లాభం లేకపోలేదు. నూరు మీటర్లు మించిన రెక్కను రోడ్డు మీద తెచ్చేకంటే రేవులోనే కూర్చి ఓడకెక్కించడం నయం. అలాంటి రేవుల కోసమే ఆ రూ.7,453 కోట్లలో 600 కోట్లు పక్కన పెట్టారు. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన మూలపేట రేవు సంతబొమ్మాళి మండలంలోనే ఉంది. ఏనాడైనా ఆ పని ఇటు వస్తే, ఓడ నడపడం, వెల్డింగు, మరల మరమ్మతు నేర్చుకునే మొదటి హక్కు బతుకుతెరువుకు వేరావల్ పోతున్న పిల్లలది.

ఇక మత్స్యకారులను అడగడానికి ఒక తేదీ ఉంది. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు. ఇక్కడ వేటాడేవాళ్లూ, గుజరాత్ పోయేవాళ్లూ ఇద్దరూ ఊళ్లో దొరికేది జూన్ మొదటి రెండు వారాలే. ప్రజాభిప్రాయ సభ ఏదైనా ఆ రోజుల్లోనే పెట్టాలి. గాలి లెక్కలు, లీజు పటం తెలుగులో అచ్చువేసి, అంతకు నెల ముందే ప్రతి పేటలోనూ పంచాలి.